క్యాలెండరు ఫొటోలో చేతులు

ఆ క్యాలెండరు ఫొటోలో ఉన్న చేతులు నావే. ముఖం పడలేదు. గాజుల్లేని రెండు చేతులు, ఒక చేతిలో గూడు, రెండో చేతి వేళ్ళ మధ్య పురుగు, గూట్లోంచి పైకి లేచిన మూడు నోళ్ళు. అంతే. మొన్న మా చర్చి ఆడవాళ్ళ కూడికకి ఒకావిడ ట్రంకుపెట్టె అడుగున పరుచుకున్న ఆ పాత కాయితం తెచ్చి, "ఈ చేతులు ఎవరియ్యో చెప్పుకోండి చూద్దాం. మన పెద్దమ్మయ్యి" అంది. చిన్న కోడళ్ళు వచ్చి నా చేతులు పట్టుకుని తిప్పి తిప్పి చూశారు. నేను లాక్కున్నాను. సిగ్గుపడ్డాననుకున్నారు.

ఇక చెప్పెయ్యాలని ఆ రోజే అనుకున్నాను. నాకు సంతకం వచ్చు, అచ్చక్షరాలు కూడబలుక్కుంటాను, రాయడం మాత్రం రాదు. నేను చెబుతున్నాను, ఇంకొకరు రాస్తున్నారు. నా గొంతు గరుకు, మాటా గరుకే. దాన్ని నున్నగా చెయ్యవద్దని ముందే చెప్పాను.

మాది చిలకలూరిపేటకీ మార్టూరుకీ మధ్య, బస్సు దిగి లోపలికి నడవాల్సిన ఊరు. ఊరి చివర మా పల్లె. ఎనభైల్లో మా చుట్టూ చూపు ఆనినంత మేర పత్తే. మిరప ఉండేది, పొగాకూ ఉండేది, కానీ ఆసాముల పిచ్చి అంతా పత్తి మీదే. పత్తికి పురుగు, పురుగుకి మందు. మందుకి చావని పురుగుల్ని మర్నాడు మా ఆడకూలీలు చేత్తో ఏరేవాళ్ళు. కూలికి పోయే మాకు నెలలతో, తేదీలతో పని లేదు. మందులతోనే లెక్క. ఫలానా పిల్ల పురుడు అయిదో మందప్పుడు, ఫలానా ముసలాయన పోయింది తొమ్మిదో మందప్పుడు అనుకునేవాళ్ళం. ఎవరికీ తికమక ఉండేది కాదు.

మా ఆయన పోయింది మూడో మందప్పుడు.

ఆయన పంపు కొట్టేవాడు. వీపుకి డబ్బా తగిలించుకుని, ఒక చేత్తో పంపు ఆడిస్తూ రెండో చేత్తో గొట్టం పట్టుకుని సాలు వెంట నడిచేవాడు. ముక్కుకి గుడ్డ కట్టుకోమంటే ఊపిరాడదనేవాడు. ఆ రోజు నేను అదే చేలో కలుపు తీస్తున్నాను. పొద్దున మాట మాటా అనుకుని ఆయన ఏమీ తినకుండా వచ్చాడు. మధ్యాహ్నం గట్టు మీద కూలబడి, "చేతులు మందులో ఉన్నయ్యి. నువ్వే పెట్టు" అని నోరు తెరిచాడు. అలక తీరిందని నాకు సంతోషం. కాలవలో చేతులు కడుక్కుని వచ్చి, గోంగూర కలిపి ముద్దలు పెట్టాను. సాలుల్లోంచి ఆడవాళ్ళు ఒకటే కేకలు.

"పసిబిడ్డకి తినిపిస్తందమ్మా!"

"ముద్ద పెద్దది చెయ్యవే, బిడ్డ చిక్కిపోయాడు!"

నేనూ నవ్వాను. ఆ కాలవలోనే పంపు కడిగేవాళ్ళు, మందు కలిపిన బకెట్టు తొలిచేవాళ్ళు. మేమంతా అందులోనే చేతులు కడుక్కునేవాళ్ళం. నీళ్ళు పారుతున్నాయి కదా, ఇంకేం అనుకుంటాం?

పొద్దు వాలేసరికి ఆయన కాళ్ళు వణికాయి. నోటి వెంట నురగ. కంటిపాప ఆవగింజంత అయిపోయింది. ఆసామి ట్రాక్టరు ఇచ్చాడు. ఆస్పత్రి దాకా అందలేదు, రోడ్డు ఎక్కకముందే పోయాడు. గాలి ఎదురు కొట్టిందని కొందరు, ఖాళీ కడుపుతో పంపు పట్టాడని కొందరు అన్నారు. మా అత్త ఒకటే మాట అంది. సమాధి దగ్గర, మట్టి వేసే ముందు, నా చేతుల వైపు చూసి, "ఆఖరి ముద్ద ఈ చేత్తోనే తిన్నాడు" అంది. ఆ తర్వాత నాతో మాట్లాడడం మానేసింది.

మాకు పిల్లలు లేరు. ఇంట్లో మిగిలింది మేమిద్దరమే. నేను కంచం పెడితే ఆమె ముట్టేది కాదు. గోడకి అటువైపు గదిలో అద్దెకుండే బడి టీచరమ్మ గంజి తెస్తే రెండు గుక్కలు తాగేది. ఆరో మందు నాటికి మంచంలో దుప్పటి కింద మనిషి ఉందో లేదో తెలిసేది కాదు. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. నాకు ఒకటే భయం. కొడుకు పోయాడు, ఈమె కూడా తినక పోతే ఇద్దర్నీ నేనే తిన్నట్టవుతుంది. లోకం అనడం తర్వాత సంగతి, నేనే అనుకుంటాను.

ఎనిమిదో మందప్పుడు వసారా చివర గోరింట చెట్టులో పిగిలిపిట్టలు గూడు కట్టాయి. తల నల్లగా, తోక కింద ఎర్రగా ఉంటాయే, అవి. మామూలుగా ఎండాకాలం పిల్లల్ని లేపుతాయి. ఆ జంటకి ముందు పెట్టిన గుడ్లు ఏ పిల్లి తినిపోయిందో, ఆలస్యంగా మళ్ళీ పెట్టుకున్నాయి. గూడు మా అత్త మంచంలోంచి కనపడేది. ఒకరోజు నేను చేలోంచి వచ్చేసరికి ఆమె లేచి కూర్చుని ఉంది. పక్కింటి టీచరమ్మని పిలిచి, "దొండపండు ఒకటి కోసుకురా తల్లీ, ఆ పిట్ట ఆకలి మీదుంది" అంటోంది.

అట్లా మొదలైంది. పిట్ట తినేదాకా చూసేది, అది తిన్నాక తనూ నాలుగు మెతుకులు తినేది. కంచం పెట్టేది నేనే. ఎవరు పెట్టారో చూడనట్టు తల తిప్పుకుని, నేను లోపలికి వెళ్ళాక దగ్గరకి లాక్కునేది. నాకు అదే చాలు. గుడ్లు పగిలి మూడు పిల్లలు లేచాక ఆమె రెండు పూటలా తిన్నది. "మూడూ ఎగిరిపోయినాక నన్ను తీసుకపోతాడులే దేవుడు" అని టీచరమ్మతో నవ్వుతూ అనేది. ఆ మాట విని నేను ఆ గూటి చుట్టూ కాపలా కాశాను. పిల్లి ఎక్కకుండా చెట్టు మొదట్లో తుమ్మకంప కట్టాను. ఆ మూడు పిల్లలు బతికితే మా అత్త తింటుంది. చస్తే తినదు. నాకు తెలిసిన లెక్క అదొక్కటే.

టీచరమ్మది ఒంగోలు. ముప్ఫై ఏళ్ళుంటాయి, పెళ్ళి కాలేదు. వాళ్ళ అన్న వాడి వదిలేసిన కెమెరా ఒకటి నల్ల తోలుసంచిలో పెట్టుకుని తెచ్చుకుంది. పిట్టల్ని తీసేది. కిటికీలోంచి, గోడ మీంచి, ఒక్కోసారి మా దొడ్లో బోర్లా పడుకుని తీసేది. మా పల్లెలో నవ్వని వాళ్ళు లేరు. మా ఆయన బతికున్నప్పుడు, "మమ్మల్ని కూడా ఒకటి తియ్యండి టీచరమ్మా, మేం పిట్టలకంటే కదలకుండా ఉంటాం" అనేవాడు. "ఈ రీలు అయిపోనీ, తీస్తాను" అనేది ఆవిడ. ఆయన ఫొటో ఒక్కటీ లేదు. మా ఇంట్లో గోడకెక్కిన మొదటి ఫొటో నా చేతులదే.

పదకొండో మందుకి ముందు మూడు రోజులు మబ్బు పట్టింది. మబ్బు పడితే పురుగు విరగబడుతుంది. ఆసాములంతా పరుగులు పెట్టి మందు కొట్టించారు. ఆ మర్నాడే తుఫాను.

బాపట్ల వైపు నుంచి గాలి లేచింది. పొద్దున్నే మొదలై మధ్యాహ్నానికి తాటిచెట్ల తలలు నేలకి వంచింది. వాన అడ్డంగా కొట్టింది. మా పెంకులు జారి పడుతుంటే నేను గిన్నెలు సర్దుకుంటున్నాను. పిచ్చుకలన్నీ మా వసారాలోకి వచ్చి దండెం మీద ఒకదానికొకటి ఆనుకుని కూర్చున్నాయి. గోరింకలు రెండు పొయ్యి దగ్గరకే వచ్చేశాయి, మనుషులంటే భయం పోయింది. టీచరమ్మ యూరియా సంచి లోపలి ప్లాస్టిక్ కవరు నెత్తిన వేసుకుని, కెమెరాని కొంగులో చుట్టుకుని వచ్చింది. వసారా గుమ్మంలో నిలబడి దండెం మీద పిచ్చుకల్ని తీసింది. తీస్తుంటేనే నాలుగు తడిసి బరువెక్కి కింద పడ్డాయి.

"ఫొటో దిగడానికి ఆగుతయ్యా అయ్యి? పట్టుకో తల్లీ ముందు!" అని మా అత్త మంచంలోంచి అరిచింది.

టీచరమ్మ కెమెరా వదిలేసి పిచ్చుకల్ని పట్టుకుంది. గంప కింద పాత బొంత వేసి, పక్కన లాంతరు వెలిగించి పెట్టి, నాలుగింటినీ కమ్మేశాం. నూకలు చల్లాం.

ఆ తర్వాత గోరింట చెట్టు నిలువునా చీలింది. చప్పుడు నాకు వినపడలేదు, గాలి హోరు అంత ఉంది. మా అత్త కేకే వినపడింది. నేను గోనెపట్టా నెత్తిన వేసుకుని పరిగెత్తాను. గూడున్న కొమ్మ నేల మీద ఉంది. తల్లిపిట్ట కొమ్మ కింద పడి చచ్చిపోయింది. రెండో పిట్ట జాడ లేదు. గూట్లో మూడూ బతికే ఉన్నాయి. బూరు కూడా సరిగ్గా రాని ఒళ్ళు. గూడు గూడుగానే చేతుల్లోకి తీసుకుని లోపలికి తెచ్చాను.

"తలుపు వెయ్యవే! చలి కొడతంది వాటికి" అంది మా అత్త.

నాతోనే అంది. మూడో మందు నుంచి పదకొండో మందు దాకా నాతో మాట్లాడని మనిషి. నేను తలుపు వేశాను. గడియ సరిగ్గా పడలేదు, రెండోసారి వేశాను.

ఆ పూటా మర్నాడూ వాన తెరిపి ఇవ్వలేదు. పిల్లలకి అన్నం మెత్తగా పిసికి పెట్టాం. అరటిపండు ఉంటే పుల్లతో పెట్టాం. కొంచెం మింగాయి, ఎక్కువ బయటికి వచ్చింది. రెండో రోజు సాయంత్రానికి ఒకటి నోరు తెరవడం మానేసింది. టీచరమ్మ చూసి, "పిండి ఆగదు వీటికి, పురుగు కావాలి. తల్లి తెచ్చి పెట్టేది అదేగా" అంది.

మేమిద్దరం పెంకుల కింద, మట్టి పెళ్ళల కింద వెతికాం. ఆ వానకి ఒక్క పురుగు లేదు, చీమైనా లేదు.

మూడో రోజు పొద్దున వాన ఆగింది. మబ్బు మాత్రం నెత్తి మీదే ఉంది. మా అత్త గూటి మీంచి కళ్ళు తియ్యకుండా, "పురుగుల చేలో పని చేసేదానివి. పిడికెడు పురుగులు తేలేవా?" అంది.

ముఖానికి రాసుకునే పౌడరు డబ్బా, ఖాళీది, ఒకటి పట్టుకుని బయలుదేరాను.

చేలు చెరువుల్లా ఉన్నాయి. పత్తి చెట్లు సగం పడిపోయాయి. మా ఆయన పంపు కొట్టిన చేను అదే. ఆసామి గట్టు మీద గొడుగు వేసుకుని, పంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టి నిలబడి ఉన్నాడు.

"ఏందే, కూలికి రమ్మంటే పదిసార్లు పిలిపించుకుంటారు. ఇయ్యాల పిలవకుండానే వచ్చినవ్?"

"పిట్టపిల్లలకి పురుగులు కావాలయ్యా."

"పిట్టలకా!" అని ఆయన నవ్వాడు. నవ్వు నవ్వులా లేదు. "ఏరుకో, తల్లీ, ఏరుకో. చేనంతా ఏరుకో. నీ పిట్టలకి పెళ్ళిభోజనం. కొట్టిన మందు కొట్టినట్టే కొట్టుకపోయింది. ఒక్క చుక్క ఆకు మీద మిగల్లా. మొత్తం సాలు నీళ్ళలో పోయింది."

నేను ఇన్నేళ్ళుగా విన్న మాటే అది. వాన పడిన ప్రతిసారీ ఆసాములు గుండెలు బాదుకునే మాట. మందు కడుక్కుపోయింది, మళ్ళీ కొట్టాలి. మళ్ళీ కొట్టేవాళ్ళు. వానకి మందు పోతుందనేది మా అందరికీ ఎండకి నీడలాగా తెలిసిన సంగతి. ఇక పురుగు శుభ్రంగానే ఉంటుంది కదా అనుకున్నాను.

కాయని కరుచుకున్న పురుగు గట్టిగా పట్టుకుంటుంది, లాగితే మెలికలు తిరుగుతుంది. పూవు ముడతల్లో, ఆకు మడతల్లో ఉన్నవి మెత్తగా, ముట్టుకుంటే చేతిలోకి వచ్చేశాయి. చలికి నా వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. తేలిగ్గా వచ్చేవే ఏరుకున్నాను. ఇప్పుడు ఎవరైనా అడగవచ్చు, పురుగులు ఏరి బతికినదానివి, మెత్తగా వాలిపోయిన పురుగంటే ఏంటో నీకు తెలియదా అని. తెలుసు. ప్రతి మందు మర్నాడూ చూసినదాన్నే. చలికి వాలాయనుకున్నాను. అట్లా అనుకోవాలని నాకుంది, అనుకున్నాను.

వాసన చూశాను కూడా. ఏమీ లేదు. మందు వాసన నాకు తెలియడం మానేసి అప్పటికే ఏళ్ళయింది. కూలికి కొత్తగా వచ్చిన పిల్లలు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంటే మేము ఎగతాళి చేసేవాళ్ళం. మా ఇంట్లో ఆయన చొక్కాకి ఆ వాసనే, బొంతకి ఆ వాసనే ఉండేదట. టీచరమ్మ చెబితే తెలిసింది.

అయినా మనసు ఒప్పుకోక, ఎందుకైనా మంచిదని పురుగుల్ని కడిగాను. సాలు నీళ్ళలో. వంగి, డబ్బా ముంచి, రెండుసార్లు తొలిచి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ ముంచాను. ఆసామి అప్పుడే చెప్పాడు మందంతా ఆ నీళ్ళలో పోయిందని. చెవితో విన్నాను. చెయ్యి తన పని తను చేసుకుపోయింది.

ఇంటికి వచ్చేసరికి టీచరమ్మ కెమెరాతో సిద్ధంగా ఉంది. లోపల వెలుతురు చాలదని గూడు గుమ్మం దగ్గరకి తెమ్మంది. నేను గడప మీద కూర్చుని, ఎడమ చేతిలో గూడు పట్టుకుని, కుడి చేత్తో మొదటి పురుగు అందించాను. నోరు తెరవడం మానేసినది కూడా తెరిచింది. మూడూ మెడలు సాచి, కళ్ళు మూసుకుని, నోళ్ళు ఇంతింత చేసుకుని లేచాయి. మొదటి పురుగు పోయింది. రెండోది. మూడోది.

"ఆగమ్మా, ఆగు. ఆ పురుగు అట్లాగే పట్టుకో. కదలకు" అంది టీచరమ్మ.

"ఆకలి మీదున్నాయండి."

"ఒక్క క్షణం. వెలుతురు వస్తోంది... ఆ. అయిపోయింది. ఇంకొకటి పెట్టు, ఇంకొక్కటి తీసుకుంటాను. నోళ్ళు ఎంత బాగా పడుతున్నాయో!"

ఇంకొకటి పెట్టాను. ఆ తర్వాత ఇంకొకటి. మా అత్త మంచం దిగి వచ్చి నా వెనక నిలబడింది. ఎన్నాళ్ళకో నడిచింది. నా భుజం మీద చెయ్యి వేసి వంగి చూసింది. "దొంగముండలు, ఎంత మింగుతున్నయ్యో చూడు" అని గట్టిగా నవ్వింది. తర్వాత, "నాక్కూడా ఆకలేస్తందే" అంది.

నేను గూడు గంప పక్కన పెట్టి, కుండలో అన్నం ఉంటే పచ్చడి వేసి కంచం ఇచ్చాను. టీచరమ్మ బడి పెంకులు ఏమయ్యాయో చూడాలని వెళ్ళిపోయింది. మా అత్త గూటి పక్కనే కింద కూర్చుని తింటోంది. నేను పొయ్యి ముట్టించాను. ఆ ఇంట్లో మంచి గడియ అంటే అదే. ఎసరు మరగలేదు ఇంకా.

"ఇటు రా" అంది ఆమె.

ఒక పిల్ల మెడ వెనక్కి వాల్చేసింది. కాళ్ళు వణుకుతున్నాయి. వెంట్రుకంత కాళ్ళు, అయినా ఆ వణుకు నేను ఇంతకుముందు చూసిందే. రెండోది నోరు తెరిచి మూయలేకపోతోంది. నోటి చివర తడి మెరుస్తోంది. మూడోది అన్నిటికంటే ఎక్కువ తిన్నది, అది ముందే పోయింది.

మా అత్త కంచం పక్కకి నెట్టింది. నా ముఖం వైపు చూడలేదు. నా చేతుల వైపు చూసింది.

"వీటిక్కూడానా?" అంది.

ఆమె కొంగుతో గూడు కప్పింది. ఒక్కొక్కటీ ఆగేదాకా ఇద్దరం అట్లాగే కూర్చున్నాం. ఎసరు మరిగి పొంగి పొయ్యి ఆర్పేసింది.

"లోతుగా తవ్వు. కోళ్ళు గీకితే అయ్యీ పోతయ్యి. ఆ డబ్బా కూడా పాతెయ్యి" అంది.

తవ్వాను. నేల మెత్తగా ఉంది, పార దిగుతుంటే నీళ్ళు ఊరాయి. గూడు, పిల్లలు, మిగిలిన పురుగులు, పౌడరు డబ్బా అన్నీ ఒకే గోతిలో వేసి మట్టి కప్పాను. తిరిగి వచ్చి గంప ఎత్తితే పిచ్చుకలు మూడు బుర్రున బయటికి పోయాయి. నాలుగోది గడప మీద కాసేపు కూర్చుని అదీ పోయింది. అవి నూకలు తిన్నాయి, పురుగులు తినలేదు.

టీచరమ్మ వచ్చేసరికి నేను నోరు తెరవబోయాను. మా అత్త ముందే అందుకుంది. "చలికి పోయినయ్యి తల్లీ. మొన్నటి తడి పట్టింది." టీచరమ్మ గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. ముక్కు తుడుచుకుని, "పోనీలే అవ్వా, ఫొటోలన్నా మిగిలాయి" అంది. మా అత్త ఎందుకు అబద్ధం చెప్పిందో నేను అడగలేదు. పురుగులు తెమ్మన్నది తనేనని గుర్తొచ్చిందో, ఇంకేమిటో.

మూడు రోజులు ఆమె ఏమీ తినలేదు. నాలుగో రోజు నేను కంచం తెచ్చి నేల మీద పెట్టి వెళ్ళబోతుంటే, "ఏదీ, చెయ్యి" అంది. అర్థం కాక నిలబడ్డాను. "చెయ్యి ఇటు పెట్టు." వంగి నా కుడి చెయ్యి పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. తిప్పి గోళ్ళ సందుల్లో చూసింది. "కడుక్కురా" అంది. కడుక్కొచ్చాను. మళ్ళీ చూసింది. "బూడిద పెట్టి తోము." తోమి వచ్చాను. మూడోసారి చూసి, "ఇప్పుడు లేదు" అని కంచం దగ్గరకి లాక్కుంది.

అప్పటినుంచి ప్రతి పూటా అంతే. నా ముక్కు చచ్చిపోయింది కాబట్టి ఆమె ముక్కే మా ఇద్దరికీ. మందు కొట్టిన మర్నాడు పురుగులు ఏరి వస్తే నాలుగుసార్లు కడిగించేది. ఒళ్ళు మండిపోయేది నాకు. "చేతులు అరిగిపోతున్నయ్యి అత్తా!" అని ఒకసారి అరిచాను. "అరగనీ" అంది. కానీ తినేది. పగతోనో, భయంతోనో, ఎట్లాగో ఒకట్లా తిని బతికింది.

కొత్త సంవత్సరానికి టీచరమ్మ క్యాలెండరు తెచ్చింది. చర్చి మిషను వాళ్ళు ఏటా అచ్చు వేయించి ఇంటింటికీ పంచేది. వాళ్ళకి ఈవిడ ఫొటో పంపిందట, వాళ్ళకి నచ్చిందట. నలుపూ తెలుపూ బొమ్మ. కింద పెద్ద అక్షరాలు. టీచరమ్మ వేలు పెట్టి చదివింది. కనికరం గల చేతులు. "నీ చేతులే! జిల్లా అంతా చూస్తారు" అని నన్ను గట్టిగా పట్టుకుంది.

మా అత్త క్యాలెండరు రెండు చేతులతో పట్టుకుని, వెలుతురుకి తిప్పుకుని చాలాసేపు చూసింది.

"ఇది నాలుగో పురుగా, అయిదోదా?" అంది.

"అమ్మో, అవ్వ పురుగులు కూడా లెక్కపెట్టింది!" అని టీచరమ్మ నవ్వింది.

"లెక్కపెట్టాను తల్లీ." నా వైపు తిరిగి, "మేకు కొట్టు. నా మంచానికి ఎదురుగా" అంది.

కొట్టాను. ఆ ఏడాది పొడుగునా మా పల్లెలో ఏ ఇంటికి పోయినా గోడ మీద నా చేతులే. పిండి అప్పు అడగడానికి వెళ్ళినా, పురిట్లో పిల్లని చూడడానికి వెళ్ళినా అవే. జబ్బు పడ్డ పిల్లల తల్లులు నన్ను పిలిచి, "నీ చేత్తో ఒక ముద్ద పెట్టు వదినా, తింటాడు" అనేవాళ్ళు. నేను పని ఉందని తప్పించుకునేదాన్ని. సాయంత్రాలు టీచరమ్మ మాకు అక్షరాలు నేర్పేది, నేను మొదట కూడబలుక్కున్న మాట ఆ గోడ మీదదే. ఏడాది అయ్యాక అందరూ కొత్త క్యాలెండరు తగిలించుకున్నారు. మా అత్త మాది తియ్యనివ్వలేదు. టీచరమ్మకి బదిలీ అయింది. వెళ్ళేటప్పుడు నా చేతులు కళ్ళకద్దుకుంది. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

మా అత్త ఇంకో నాలుగేళ్ళు ఉంది. ఆఖరికి మిరప కల్లాల రోజుల్లో పడకేసింది. చెయ్యి ఎత్తలేదు, మాట పడిపోయింది. అంతదాకా కంచంలో తనే కలుపుకుని తిన్న మనిషికి నేను నోట్లో పెట్టాల్సి వచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం పెరుగన్నం మెత్తగా కలిపి మంచం అంచున కూర్చుని, అలవాటు ప్రకారం ముందు చెయ్యి ఆమె ముక్కు దగ్గర పెట్టాను. ఆమె చూడలేదు. ఊపిరి పీల్చలేదు. కళ్ళు మూసుకుని నోరు తెరిచింది.

"వాసన చూడత్తా" అన్నాను.

నోరు అట్లాగే తెరిచి ఉంది. పళ్ళు లేవు, లోపలంతా ఎర్రగా ఉంది.

"ఒకసారి చూడు. చూసి తిను."

ఆమె మెడ కొంచెం ముందుకి సాచింది, అంతే. నేను ముద్ద కంచంలో పడేసి లేచాను. దొడ్లోకి వెళ్ళి సబ్బుతో కడుక్కున్నాను. బూడిదతో తోముకున్నాను. మళ్ళీ సబ్బుతో కడుక్కున్నాను. కొత్తగా అన్నం కలిపి తెచ్చేసరికి ఆమె ఇంకా నోరు తెరుచుకుని ఎదురుచూస్తోంది. పెట్టాను. మింగింది. ఇంకొకటి పెట్టాను.

తర్వాత దుప్పటి కింద చెయ్యి పెట్టి ఆమె కాళ్ళు రెండూ పట్టుకున్నాను. వణుకు మొదలవుతుందేమోనని, పొద్దు వాలేదాకా అట్లాగే పట్టుకుని కూర్చున్నాను.